నాలుగు బొత్తాల మీద పదహారు దారాలు

జూన్ 4

అన్నయ్యకు నమస్కారం.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతి దగ్గర ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు రెండు చోట్లా పెట్టాను, ఏది కావాలో అది ఉంచుకో. గీతల్లేని కాగితం కాబట్టి వరసలు కూడా కిందికి జారాయి.

పెళ్ళయిన ఎనిమిది నెలల్లో నీకిది రెండో ఉత్తరం. మొదటిదాంట్లో అంతా బాగుందని రాశాను. ఇప్పుడు బాగాలేదు.

మీ స్విచ్చుల అల్మరా మా వైరింగు హాలుకి తిరిగొచ్చింది. నాలుగు వేల ముప్పై రెండు వైర్లు. అందులో సగం నేనూ, బెంచీ మీద నా జత పొడుగక్కా కలిసి కట్టినవే. తొమ్మిది వైర్లు కలిపితే ఒక జడ అంటాం. మా పద్ధతి నీకు తెలియదు కదా, చెబుతాను. ఒకే జాబితా రెండు కాగితాల మీద ఉంటుంది. ఒకరు చదువుతారు, ఒకరు కడతారు. తర్వాత కట్టినవాళ్ళు చదువుతారు, చదివినవాళ్ళు వైరు రెండు కొసలకీ బజరు పెట్టి, కూస్తుందో లేదో చూస్తారు. రెండు కాగితాలూ కలిస్తేనే ఫోర్మన్‌గా మీ బావగారు వచ్చి, తనూ ఒకసారి బజరు పెట్టి, జడకు వేలాడే అట్టముక్క మీద "చూశాను" అని రాసి సంతకం చేస్తారు. ఆ మాట ఆయన ఊరికే రాయరు. ఒకసారి ఒక్క పిన్ను కోసం పొడుగక్కకు సాయంత్రం బస్సు తప్పించారు.

అల్మరాతో పాటు మీ సంస్థ కాగితం వచ్చింది. యంత్రం ఆగి ఆగి నడుస్తోంది, వైరింగు తప్పు, మొత్తం విప్పి మళ్ళీ కట్టండి అని. కింద నీ సంతకం. మేనేజరు దాన్ని హాలు మధ్యలో నిలబడి చదివాడు. "ఏమయ్యా, నాలుగు వందల నలభై ఎనిమిది అట్టల మీద చూశాను చూశాను అని రాశావు. కళ్ళు మూసుకుని చూశావా?" అన్నాడు. ఈయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నారు. తిరిగి కట్టిన అల్మరా లారీ ఎక్కిన రోజే ఈయన పనికి ఆఖరి రోజట.

నిజంగా వైరింగుదే తప్పా అన్నయ్యా? ఒక్కసారి చూడు. నేను రాసినట్టు ఈయనకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. జవాబు పొడుగక్క ఇంటికి రాయి. ఇది చదవగానే కాల్చెయ్.

నీ చెల్లెలు

*

జూన్ 13

చిక్కుపిల్లకు అన్నయ్య ఆశీస్సులు.

నీ రాత బాగానే ఉంది. అమ్మ కుట్టుపెట్టెలో దారాల చిక్కులన్నీ విప్పినదానివి, నీకు అక్షరాలొక లెక్కా? కాల్చమన్నావు. నేనుండేది యంత్రాల గది. ఇక్కడ జేబులో అగ్గిపుల్ల దొరికినా ఇంటికి పంపేస్తారు. అందుకని నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇక విషయానికొస్తాను. అరవై నాలుగు చిన్న కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేస్తాయి. పని మధ్యలో ఒకదానికొకటి కబుర్లు పంపుకోవాలి. ప్రతిదాని నుంచి ప్రతిదానికీ విడిగా దారి వేస్తే మీ హాలు నిండా వైర్లే. అందుకే మధ్యలో ఆరు మజిలీల స్విచ్చులు పెట్టాను. ఒక్కో స్విచ్చుకి లోపలికి రెండు దారులు, బయటికి రెండు తలుపులు. కబురు మీద ఉన్న చిరునామా చూసి ఏ తలుపు తియ్యాలో స్విచ్చే తేల్చుకుంటుంది. రెండు కబుర్లకూ ఒకే తలుపు కావాల్సొస్తే ఒకటి ఆగుతుంది.

ఒక్కో కబురు విడిగా పంపితే సరిగ్గానే చేరుతోంది. వానలెప్పుడు పడతాయో చెప్పే లెక్క, అదే వానల లెక్క, పెట్టామో, అరవై నాలుగూ కలిసి ఎనిమిది చేసే పనే చేస్తున్నాయి. డిజైను తప్పు కాదు. ఎవరు ఎవరికి పంపాలో చీటీలు తీసి మరీ నెల రోజులు పరీక్షించాను, ఎక్కడా ఇంతగా ఆగలేదు. మిగిలింది వైరింగే.

మొగుడి తరఫున మాట్లాడటం తప్పు కాదమ్మా. కానీ ఇది ఇంటి వ్యవహారం కాదు. బావగారిని ఓపిగ్గా విప్పి చూడమను, దొరుకుతుంది.

అన్నయ్య

*

జూన్ 22

అన్నయ్యకు,

నేను మొగుడి కోసం బతిమాలుతున్నానని అనుకున్నావు. బతిమాలదలిస్తే ఆ మాటే రాసేదాన్ని. నేనడిగింది వైరు సంగతి.

మీ ఆరు మజిలీల ముందూ వెనకా కలిపి వైర్లు ఏడు వరసలు, అందులో రెండు విప్పేశాం. విప్పడమంటే ఏమిటో నీకు తెలియదు. తీసే ముందు ఒక్కో వైరుకీ బజరు పెట్టి చూడమని ఈయన పట్టుబట్టారు. కూ అని కూస్తుంది. అంటే సరిగ్గా ఉందని. సరిగ్గా ఉన్నదాన్ని కత్తిరించి బుట్టలో వెయ్యాలి. పదకొండు వందల యాభై రెండు వైర్లు చూశాం, అన్నీ కూశాయి.

"ఇది పని కాదే తల్లీ, శవపరీక్ష" అంది పొడుగక్క.

"శవానికి రోగమే కనబడటం లేదక్కా" అన్నాను.

అంతలో మేనేజరు వచ్చాడు, ఇద్దరం మళ్ళీ బజరు అందుకున్నాం. నా వేళ్ళ చివర తోలు లేచిపోయింది. అందుకే ఈసారి అక్షరాలు ఇంకా వంకరగా ఉన్నాయి.

ఒకటి అడుగుతాను, తెలివితక్కువగా ఉంటే నవ్వి ఊరుకో. ఒక్కో కబురు విడిగా పంపితే సరిగ్గా చేరుతోందని నువ్వే రాశావు. వైరు తప్పయితే ఒంటరి కబురు కూడా వేరే ఇంటికి పోవాలి కదా? గుంపుగా వెళ్ళినప్పుడే వైరుకి తప్పు చెయ్యాలని ఎలా తెలుస్తుంది?

ఆ దారి ఎంచుకునే పద్ధతి నాకు అర్థమయ్యేలా రాయి. వానల లెక్కలో ఎవరు ఎవరికి కబురు పంపుతారో అదీ రాయి. తప్పు వైరు ఉంటే నేనే పట్టుకుంటాను. ఇంట్లో ఉండలేకపోతున్నాను. నిన్న అత్తయ్య, "కోడలా, మీ అన్నయ్యది పెద్ద చదువంటివి. మా వాడికి బజరు మోగించడం కూడా రాదని రాసేంత చదువా?" అని అడిగింది. గిన్నెలు తోముతున్నట్టు గట్టిగా చప్పుడు చేశాను.

సొరుగు తాళాలను నేను నమ్మను. ఇంటికి పట్టుకెళ్ళి కాల్చెయ్.

నీ చెల్లెలు

*

జూలై 1

చెల్లికి ఆశీస్సులు.

నీ ప్రశ్న తెలివితక్కువదేం కాదు. అయితే దానికి జవాబుంది. జడలో ఎనిమిది వైర్లు కబురును మోస్తాయి. తొమ్మిదోది, ముందు దారి ఖాళీ లేకపోతే "ఆగు" అని చెప్పే వైరు. ఆ తొమ్మిదో వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతుంటే ఒంటరి కబురు హాయిగా వెళ్ళిపోతుంది, గుంపు మాత్రం ఊరికే ఆగుతుంది. చూశావా, ఎంత చిన్న తప్పు చాలో.

అడిగావు కాబట్టి పద్ధతి రాస్తున్నాను. తేలిగ్గా ఉండటానికి పదహారు ఇళ్ళే అనుకో. నాలుగు అడ్డవరసలు, వరసకు నాలుగు ఇళ్ళు. ప్రతి ఇంటికీ నాలుగంకెల చిరునామా, అంకెలు సున్నా, ఒకటి మాత్రమే. మొదటి రెండూ అడ్డవరసను చెబుతాయి, చివరి రెండూ నిలువువరసను. పదహారిటికి నాలుగు మజిలీలు చాలు. మొదటి మజిలీలో స్విచ్చు చిరునామాలో మొదటి అంకె చూస్తుంది. సున్నా అయితే పై తలుపు, ఒకటైతే కింది తలుపు. రెండో మజిలీ రెండో అంకెను చూస్తుంది, అలా చివరిదాకా. ప్రతి మజిలీకీ ముందు వైర్లు ఎలా అల్లుకుంటాయో నాకంటే నీ చేతులకే బాగా తెలుసు. పై సగాన్నీ కింది సగాన్నీ విడదీసి, పేకముక్కలు కలిపినట్టు ఒకదాని మధ్యలో ఒకటి దూర్చడం.

వానల లెక్కలో ముందు అడ్డవరసలు లెక్కపెడతారు, తర్వాత నిలువువరసలు. ఆ రెంటికీ మధ్య అందరూ ఒక్కసారే కబుర్లు మార్చుకుంటారు. రెండో వరసలో మూడో ఇల్లు, మూడో వరసలో రెండో ఇంటికి పంపుతుంది. అందరూ అంతే.

ఇదంతా రాయడానికి నాకు సగం పూట పట్టింది. నీకు దీనితో ఒరిగేదేమీ లేదు కూడా, ఎందుకంటే వెతకాల్సిన అవసరమే తీరిపోయింది. "తప్పు వైరింగుదే, నా పర్యవేక్షణలోనే జరిగింది" అని బావగారు పోయిన వారమే మా సంస్థకు రాసిచ్చారు. సంతకం కూడా చేశారు. నీకు చెప్పలేదా?

అన్నయ్య

*

జూలై 8

అన్నయ్యా,

చెప్పలేదు.

నీ ఉత్తరం పొడుగక్క ఇంట్లో నిలబడే చదివాను. నేరుగా ఇంటికొచ్చి అడిగాను.

"ఏమండీ, తప్పు మీదేనని రాసిచ్చారా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు. రాసిచ్చారా లేదా?"

"ఇచ్చాను."

"ఏ వైరు తప్పు?"

ఈయన కిటికీ వైపు చూశారు. "ఏ వైరూ కాదు" అన్నారు.

"మరి?"

"అల్మరా వచ్చిన రోజు పొడుగావిడతో నువ్వేమన్నావు? మా అన్నయ్య లెక్క తప్పదు, తప్పితే గోడకేసి తల కొట్టుకుంటాను అన్నావా లేదా? నా వెనకే నిలబడి అన్నావు."

"మాటవరసకి అన్నానండీ."

"నువ్వు మాటవరసకి మాట్లాడే మనిషివి కాదు. అసలు మాట్లాడితే కదా. చూడు, ఇద్దర్లో ఒకరి తల వంగాలి. ఫోర్మన్ పని ఇంకో చోట దొరుకుతుంది. నీకున్నది ఒక్క అన్నయ్య."

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. రెండూ చేశాను. అత్తయ్య లోపల్నుంచి వచ్చి మా ఇద్దరినీ చూసి, "ఇద్దరూ మంచివాళ్ళే. అందుకే కొంప మునుగుతోంది" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నీ గురించి గొప్పకు నేనన్న మాట ఆయన మెడకు చుట్టుకుంది. ఆయన రాసిన కాగితం నీకు సాక్ష్యమైంది. నీ సంతకం చూసి ఆయన సంతకం పెట్టారు, ఆయన సంతకం చూసి నువ్వు నిశ్చింతగా ఉన్నావు. వైర్లు చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు, నేనూ పొడుగక్కా తప్ప. మూడో వరస కూడా విప్పాం. తొమ్మిదో వైర్లు విడిగా చూశాం. ఏదీ దేనికీ తగల్లేదు.

మీవాళ్ళకు ఈ సంగతి చెప్పు. ఈ ఉత్తరం కాలుస్తావో ఉంచుతావో నీ ఇష్టం.

చెల్లెలు

*

జూలై 14

చెల్లికి,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. సంతకం పెట్టమని బావగారిని నేను అడగలేదు. ఆయన త్యాగం చేశారని నువ్వంటున్నావు. ఇంట్లో పెళ్ళానికి అలా చెప్పుకోవడం ఏ మగాడికైనా తేలికే. ఈ మాటలు నీవో, ఎవరైనా పక్కన కూర్చుని రాయిస్తున్నారో నాకు తెలియదు. నీకిన్ని ప్రశ్నలు ఎప్పుడూ వచ్చేవి కావు.

మా సంస్థలో స్టోరు గుమాస్తా పని ఒకటి ఖాళీగా ఉంది. బావగారికి ఇష్టమైతే నేను మాట్లాడతాను. పెద్ద కష్టమేం ఉండదు, వచ్చిన సామాను రాసుకోవడమే. ఆలోచించుకోండి.

అన్నయ్య

*

జూలై 15

అన్నయ్యకు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

ఆదివారం ఈయన ఎక్కడికో వెళ్ళారు. ఎక్కడికని అడగలేదు, పని వెతుక్కోవడానికని తెలుసు. అమ్మ బొత్తాల డబ్బా తీసి ముందుగది నేల మీద పరిచాను. పై వరసలో పదహారు బొత్తాలు, అవి ఇళ్ళు. దాని కింద నాలుగు వరసలు, ఒక్కో మజిలీ దాటాక కబురు నిలబడే చోట్లు. మొత్తం ఎనభై. చొక్కా బొత్తాలు చాలక కోటు బొత్తాలు కూడా పెట్టాను. పై వరసకీ అడుగు వరసకీ చిరునామా చీటీలు పెట్టాను. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. పదహారు రంగులు లేవు, కొన్నింటికి ముడివేసి గుర్తుపెట్టుకున్నాను.

నువ్వు రాసిన పద్ధతిలోనే వెళ్ళాను. సున్నాకి పై తలుపు, ఒకటికి కింది తలుపు. మొదటి ఇంటి దారం తిన్నగా దిగింది. రెండోది, మూడోది, నాలుగోది బాగానే దిగాయి. ఐదో ఇల్లు రెండో వరసలో మొదటిది కదా, దాని దారం రెండు మజిలీలు దాటి వచ్చి మొదటి ఇంటి దారం ఉన్న బొత్తం మీదే కూర్చుంది. పొరపాటు పడ్డానేమోనని విప్పి మళ్ళీ వేశాను. అక్కడికే వచ్చింది. తొమ్మిదోదీ అక్కడికే, పదమూడోదీ అక్కడికే. అన్ని వరసల్లోని మొదటి ఇళ్ళూ మొదటి బొత్తం మీద. రెండో ఇళ్ళన్నీ ఆరో బొత్తం మీద, మూడోవన్నీ పదకొండో దాని మీద, నాలుగోవన్నీ పదహారో దాని మీద. మధ్య వరసలో నాలుగు బొత్తాల మీద పదహారు దారాలు, అన్నయ్యా. పన్నెండు బొత్తాలు ఖాళీగా నన్ను చూస్తున్నాయి. నా నేల మీద ఒక్క తప్పు వైరు కూడా లేదు.

అరవై నాలుగూ కలిసి ఎనిమిది పనే చేస్తున్నాయన్నావు. పదహారంటే నాలుగు నాలుగులు, నాకు నాలుగు మిగిలాయి. అరవై నాలుగంటే ఎనిమిది ఎనిమిదులు. నువ్వే చూడు.

ఇంకోటి ఉంది. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి అత్తయ్య చీపురుతో చీటీలన్నీ ఊడ్చేసింది. "పండుముసలిదాన్ని, కాలు జారితే ఎవరు చూస్తారు? పెళ్ళయినదానివి, ఇంకా ఈ బొత్తాలాటలేంటి?" అంది. కోపంతో ఏ చీటీ చేతికొస్తే అది పైన పెట్టేశాను, అడుగున కూడా అదే వరసలో పెట్టాను. మళ్ళీ దారాలు వేశాను. ఈసారి ఏ బొత్తం మీదా రెండుకి మించి పడలేదు. ఇంకా మూడుసార్లు చీటీలు కలిపి చూశాను. ఒక్కసారి మాత్రం ఒకచోట మూడు పడ్డాయి. నాలుగు ఎప్పుడూ పడలేదు. బొత్తాలు అవే, తలుపులు అవే. మారింది ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే.

నువ్వు చీటీలు తీసి పరీక్షించానన్నావు. వానల లెక్క చీటీలు తీసి మాట్లాడుకోదు కదా.

నీ చిక్కుపిల్ల

*

జూలై 24

చిక్కుపిల్లకు,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. సగం చదివి పక్కన పడేశాను. తర్వాత కాగితం తీసుకుని అరవై నాలుగుతో లెక్క వేశాను. మూడో మజిలీ తర్వాత ఎనిమిది దారుల మీద ఎనిమిదేసి కబుర్లు. యాభై ఆరు దారులు ఖాళీ. నెల రోజులు చీటీలు తీశాను కానీ, అందరికంటే క్రమంగా నడిచే లెక్కను ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు.

మూలన పడి ఉన్న పదహారిళ్ళ నమూనా యంత్రం దుమ్ము దులిపి వానల లెక్క పెట్టాను. నీ నేల మీద జరిగిందే జరిగింది. మీ అత్తగారు చీపురుతో చేసిన పని నేను లెక్క ప్రకారం చేశాను. ఒక్కో నిలువువరసలో ఇళ్ళను ఒక్కో తీరుగా పైకీ కిందికీ జరిపాను. ఇప్పుడు ఆ మార్పిడిలో ఏ రెండు కబుర్లూ ఒకే తలుపుకి రావు. ఒక్క వైరు కూడా కదపక్కర్లేదు.

ఇక కష్టమైన మాట. డైరెక్టరుకి చెప్పాను. "వైరింగు సరిచేసి, దారుల ఎంపిక మెరుగుపరిచాక యంత్రం పనిచేస్తోంది" అని రాద్దామన్నారు. ఫోర్మన్ ఒప్పుకోలు కాగితం ఎలాగూ ఉంది కదా అన్నారు. తప్పు డిజైనుదని రాస్తే వచ్చే ఏడాది పెద్ద యంత్రం పని మాకివ్వరు. నా కింద ఐదుగురున్నారు. నేను తల ఊపి వచ్చేశాను. బావగారికి స్టోరు పని తప్పకుండా ఇప్పిస్తాను. అందరికీ మర్యాదగా పోతుంది. కొంచెం సర్దుకో తల్లీ.

ఈ ఉత్తరం మాత్రం చదవగానే కాల్చెయ్.

అన్నయ్య

*

జూలై 29

అన్నయ్యా,

మా ఇంట్లో అగ్గిపెట్టె ఉంది. పొయ్యి పక్కనే ఉంది. నీ ఉత్తరం నేను కాల్చలేదు.

ముందు ఈయనకు ఇచ్చాను. రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతున్నప్పుడు పెదాలు కదిలాయి. "అయితే మనం కట్టింది సరిగ్గానే ఉందన్నమాట" అన్నారు. అంతే. ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆయనకు కూడా అనుమానం పుట్టించారు మీరందరూ కలిసి. మళ్ళీ ఆయనే, "కాల్చమన్నాడుగా, కాల్చెయ్" అన్నారు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాను. ఆ తలుపు నేనెప్పుడూ తట్టలేదు. పొడుగక్క గుమ్మందాకా వచ్చి, "మాట రాకపోతే దగ్గు, నేను లోపలికొస్తా" అంది. దగ్గాల్సిన పని పడలేదు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, "ఇది చదవండి సార్" అన్నాను. చదివి వెనక్కి నెట్టాడు. "ఇది అన్నాచెల్లెళ్ళ ఉత్తరం. ముద్ర ఏదమ్మా? ముద్రతో రమ్మను" అన్నాడు. చదివినవాడికి అర్థమైంది, నేను చూశాను. అయినా ముద్ర కావాలి. సరిగ్గా కూసే వైరును కత్తిరించడానికి ముద్ర ఉంది, సరిగ్గా ఉందని చెప్పడానికి లేదు.

స్టోరు పని వద్దు. ఆయన చేతికి తెలిసిన పని ఇదే.

నా పదిహేనో తారీఖు ఉత్తరం నీ సొరుగులో ఉందని తెలుసు. దాన్ని కాల్చమని నేను అడగలేదు, ఇకమీద దేన్నీ అడగను. నీ కాగితం నా దగ్గర, నా కాగితం నీ దగ్గర ఉన్నాయి. మా హాలు లెక్కన చూస్తే ఒకరు చదివారు, ఒకరు కట్టారు, రెండు కాగితాలూ కలిశాయి. ఇక మిగిలింది ఒకరు వచ్చి తన కళ్ళతో చూసి, పేరు పెట్టడం. అది నువ్వే చెయ్యాలి. నేను చేస్తే చెల్లదు, ఈయన చేస్తే నమ్మరు.

అమ్మకు చూపు మందగించినప్పుడు ఇద్దర్లో ఒకరు బడి మానాల్సొచ్చింది. నువ్వు తెలివైనవాడివని నేను మానాను. దానికి ఏ రోజూ బాధపడలేదు. నీ లెక్క తప్పినందుకు కూడా బాధపడటం లేదు. అరవై నాలుగింటి లెక్క ఎవరికైనా తప్పుతుంది. తప్పిందని తెలిశాక సర్దుకోమన్నావు చూడు, అక్కడ నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అల్మరా లారీ ఎక్కేది ఆగస్టు నెలాఖరుకి.

చెల్లెలు

*

ఆగస్టు 5

చెల్లికి,

మూడు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు సొరుగు తాళం తీసి, నీ పదిహేనో తారీఖు ఉత్తరం డైరెక్టరు బల్ల మీద పెట్టాను. ఎవరు రాశారని అడిగారు. మా చెల్లెలు, ఆ అల్మరా కట్టిందే ఆమె అన్నాను. చాలాసేపు చదివారు. "ఈ మాటలో ఒత్తు రెండు చోట్ల ఉంది, ఏది తీసెయ్యాలి?" అన్నారు. "రెండూ ఉంచండి, నకలు తీయించి నివేదికకు జత చేస్తున్నాను" అన్నాను.

వైరింగులో ఏ లోపమూ లేదని, తప్పు ఇళ్ళ అమరికలో ఉందని, ఆ అమరిక నాదని ముద్రతో సహా కాగితం నిన్న మీ మేనేజరుకి వెళ్ళింది. బావగారి ఒప్పుకోలు వెనక్కి పంపాను. పెద్ద యంత్రం మాకు రాకపోవచ్చు. నా కింద ఐదుగురిలో ఇద్దరు మాట్లాడటం మానేశారు. డైరెక్టరు మాత్రం రోజూ మాట్లాడుతున్నారు, అదే కష్టంగా ఉంది.

అల్మరా మీ దగ్గరికి వచ్చే ముందు ఒక అట్టముక్క ఊడి ఇక్కడే పడిపోయింది. ఒక పక్క బావగారి రాత ఉంది. రెండో పక్క ఖాళీగా ఉంటే నేను రాశాను. ఆయనకివ్వు.

అన్నయ్య

*

ఆగస్టు 11

అన్నయ్యకు నమస్కారం.

అట్టముక్క అందింది. ఒక పక్క ఈయన "చూశాను", రెండో పక్క నీ "చూశాను". ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మీ అన్నయ్య రాత నీ రాత కంటే వంకర" అన్నారు. జేబులో పెట్టుకున్నారు.

నెలాఖరుకి లారీ వచ్చి వెళ్ళినా ఇక ఫర్వాలేదు. ఈయన పని ఈయనకు ఉంది. కానీ చూడు, తప్పు అన్న కాగితాన్ని మేనేజరు హాలు మధ్యలో నిలబడి చదివాడా, తప్పు కాదన్న కాగితాన్ని తలుపు వెనక, చొక్కాలు తగిలించే చోట అంటించాడు. పొడుగక్క వెళ్ళి దాని మీది చొక్కాలన్నీ తీసి పక్క మేకుకి తగిలించింది. మధ్యాహ్నానికి మళ్ళీ ఎవరో తగిలించారు. మళ్ళీ తీసింది.

ఆ కాగితం వచ్చేసరికే ఐదు వరసలు విప్పేశాం. రెండు వేల ఎనిమిది వందల ఎనభై వైర్లు. ఇప్పుడు వాటిని మళ్ళీ కడుతున్నాం. అవే పొడవులు, అవే పిన్నులు, అదే జాబితా. సరిగ్గా ఉన్నదాన్ని విప్పి, సరిగ్గా ఉన్నట్టే కట్టడం ఎంత విసుగో నువ్వు ఒక్క పూట వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. రమ్మని పిలుస్తున్నాను కూడా. అత్తయ్య నిన్ను చూడాలంటోంది. చీపురు సంగతి నివేదికలో రాశావా అని అడుగుతోంది.

ఇవాళ పొద్దున రెండో వరస మొదలుపెట్టాం. పొడుగక్క కట్టింది, నేను చదివాను. ఈయన వచ్చి ఒక పిన్ను దగ్గర ఆగి, "ఇది మళ్ళీ చదువు" అన్నారు. కోపం వచ్చింది. అయినా చదివాను. బజరు పెట్టారు. కూసింది. కొత్త అట్టముక్క తీసుకుని రాశారు.

నీ చిక్కుపిల్ల